పడకగది కర్టెన్లకు ఏ హెడింగ్ కుట్టించాలి: కొలతల నుంచి బిగింపు దాకా

కర్టెన్ల షాపుకి వెళ్తే ముందు బట్టలు పరుస్తారు. రంగు, డిజైన్, మీటరు ధర అన్నీ మాట్లాడుకున్నాక, బిల్లు రాసే ముందు "పైన రింగులు వేసేద్దామా, ప్లీట్లు కుట్టమంటారా?" అని అడుగుతారు. చాలామంది "రింగులే వేసేయండి" అని వచ్చేస్తారు. హాల్లో అయితే ఫర్వాలేదు. పడకగదికి మాత్రం ముందు తేలాల్సింది ఈ ప్రశ్నే, బట్ట ఆ తర్వాత.

కర్టెన్ పైఅంచును కుట్టే తీరునే హెడింగ్ అంటారు. రాడ్ కావాలా ట్రాక్ (లోపల రన్నర్లనే చిన్న బిళ్ళలు జారే పట్టా) కావాలా, దాన్ని గోడకు బిగించాలా సీలింగ్‌కా, బట్ట ఎన్ని మీటర్లు పడుతుంది, తెల్లవారుజామున గదిలోకి ఎంత వెలుతురు వస్తుంది, రోజూ లాగేటప్పుడు కర్టెన్ సులువుగా జరుగుతుందా లేదా... ఇవన్నీ హెడింగ్‌ని బట్టే ఉంటాయి. గోడకు డ్రిల్లింగ్ అయ్యాక మనసు మార్చుకుంటే మళ్ళీ రంధ్రాలు, మళ్ళీ పుట్టీ, మళ్ళీ పెయింటు. అందుకే షాపుకి వెళ్ళకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వరసగా చూద్దాం.

1. ముందు గదిని చూడండి

ఉన్న కర్టెన్ వేసి, లైట్లు ఆర్పి, తెల్లవారాక ఒకసారి మంచం మీద పడుకునే చూడండి. వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది? బట్టలోంచా, కర్టెన్ పైనుంచా, పక్కల నుంచా? చాలా ఇళ్ళలో బట్ట మందంగానే ఉంటుంది. వెలుతురు పైనుంచీ పక్కల నుంచీ దూరుతుంది. అలాంటప్పుడు వెలుతురును ఆపే బ్లాకౌట్ బట్ట ఎంత ఖరీదైనది కొన్నా ప్రయోజనం తక్కువే. మార్చాల్సింది హెడింగూ, రాడ్ బిగించిన చోటూ.

తూర్పు కిటికీ ఉన్న గదికి ఇది మరీ ముఖ్యం. మే, జూన్ నెలల్లో హైదరాబాద్‌లో 5.40 ప్రాంతంలోనే సూర్యుడు వచ్చేస్తాడు. నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్ళు, పసిపిల్లలు ఉన్న గది, వీధి లైటు నేరుగా పడే గది అయితే మీకు మొదటి అవసరం చీకటి. పొద్దున్నే వెలుతురుతో లేవడం ఇష్టమైనవాళ్ళకీ, కిటికీ పక్కింటి గోడకు ఎదురుగా ఉన్నవాళ్ళకీ చీకటి కన్నా చాటు ముఖ్యం. ఈ రెండింట్లో మీది ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

కర్టెన్ ఎవరు లాగుతారో కూడా ఆలోచించండి. పెద్దవాళ్ళ గది అయితే చేత్తో కొద్దిగా లాగితే జరిగిపోవాలి. బిగుసుకుపోయే హెడింగ్ అయితే రెండు వారాలకే వాళ్ళు దాన్ని ముట్టుకోవడం మానేస్తారు.

2. కిటికీ పైనా పక్కలా ఎంత చోటుందో కొలవండి

టేపు తీసుకుని నాలుగు కొలతలు రాసుకోండి: కిటికీ వెడల్పు, కిటికీ పైఅంచు నుంచి సీలింగ్ దాకా, పైఅంచు నుంచి నేల దాకా, కిటికీకి రెండు పక్కలా ఉన్న ఖాళీ గోడ. మన ఇళ్ళలో కిటికీ పైఅంచు సాధారణంగా నేల నుంచి 7 అడుగుల దగ్గర ఉంటుంది. ఆ పైన లింటెల్, అంటే గోడ బరువు మోసే కాంక్రీటు దూలం ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఎదురయ్యే చిక్కులు దాదాపు ఇవే. కిటికీ పక్కనే వార్డ్‌రోబ్ ఉండి కర్టెన్ పక్కకు జరగడానికి చోటు లేకపోవడం ఒకటి. కిటికీ నెత్తిన స్ప్లిట్ ఏసీ ఉండటం ఇంకొకటి. పాత ఇళ్ళలో కిటికీ పైన అటక ఉంటుంది. కొత్త ఇళ్ళలో ఫాల్స్ సీలింగ్ ఉంటుంది.

కిటికీ పైన ఏసీ ఉంటే కర్టెన్‌ను సీలింగ్ నుంచి వేలాడదీసే ఆలోచన మానుకోండి. ఏసీ గాలికి బట్ట అడ్డం రాకూడదు. ఏసీకి కింద, కిటికీకి పైన మిగిలిన చోటులో గోడకే ట్రాక్ బిగించాలి. అక్కడ రింగుల కర్టెన్ వేస్తే, పై నుంచి దిగే చల్లగాలి అలల సందుల్లోంచి కర్టెన్ వెనక్కి పోయి అద్దానికి తగులుతుంది. ప్లీట్ల కర్టెన్, అంటే పైఅంచులో కుచ్చులు కుట్టింది, గోడకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ వృథా తక్కువ.

అటక ఉంటే దాని అడుగునే ట్రాక్ బిగించవచ్చు. అటక అంచే పెల్మెట్‌లా (కర్టెన్ పైభాగాన్ని కప్పే చెక్క పెట్టెలా) వెలుతురును ఆపుతుంది. ఫాల్స్ సీలింగ్ ఇంకా వేయించకపోతే, గోడ వెంబడి 6 నుంచి 8 అంగుళాల వెడల్పున కర్టెన్ పాకెట్, అంటే ట్రాక్ దాగే గాడి, వదలమని ఇప్పుడే చెప్పండి. ఆ పని పూర్తయ్యాక పాకెట్ చేయించడం కష్టం.

3. హెడింగ్ ఎంచుకోవడం

*ఐలెట్, అంటే రింగులు.* బట్టకు పైన లోహపు రింగులో ప్లాస్టిక్ రింగులో బిగిస్తారు, వాటిలోంచి రాడ్ దూరుతుంది. రెడీమేడ్ కర్టెన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కుట్టుకూలి తక్కువ, తగిలించడం తీయడం ఇంట్లో ఎవరైనా చేసుకోగలరు, పెద్ద పెద్ద అలల్లా చూడటానికి బాగుంటుంది. అద్దె ఇంటికి ఇది మంచి ఎంపిక.

పడకగదిలో దీని లోపాలు రెండు. రాడ్ గోడకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉంటుంది. బట్ట ఒకసారి రాడ్ ముందుకూ ఒకసారి వెనక్కూ తిరుగుతుంది కాబట్టి పైన సందులు తప్పవు. తెల్లారేసరికి సీలింగ్ మీద వెలుతురు చారలు కనిపించేది ఈ సందుల వల్లే. బ్లాకౌట్ బట్ట వేసినా ఇది పోదు. రెండోది శబ్దం. స్టీలు రాడ్ మీద లోహపు రింగులు గీసుకుంటూ జరిగితే నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న రింగులు అడిగి వేయించుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది.

ఐలెట్ కుట్టించేటప్పుడు ప్రతి పరదాకూ (కర్టెన్‌లో ఒక్కో పక్క భాగానికీ) రింగులు సరిసంఖ్యలో ఉండాలి, అంటే 8, 10, 12. అప్పుడే రెండు అంచులూ గోడవైపు తిరుగుతాయి. బేసి సంఖ్య అయితే ఒక అంచు గదివైపు చూస్తూ చెవిలా నిక్కి ఉంటుంది. ఇంకో విషయం: పొడవాటి రాడ్‌కు మధ్యలో బ్రాకెట్ పడుతుంది, రింగు ఆ బ్రాకెట్‌ను దాటలేదు. రెండు పరదాలు చెరో పక్కకు జరిగేవైతే ఇబ్బంది లేదు. మొత్తం ఒకే పక్కకు జరపాలంటే ఐలెట్ కుదరదు.

*త్రీ ప్లీట్.* మన షాపుల్లో దీన్ని అమెరికన్ ప్లీట్ అని కూడా అంటారు. పైఅంచులో బక్రం (అంచు నిలబడేలా లోపల వేసే బిరుసు పట్టీ) పెట్టి, మూడు మడతలను కలిపి ఒక కుచ్చుగా కుట్టేస్తారు. వెనక హుక్కులు ఉంటాయి, అవి ట్రాక్‌లోని రన్నర్లకు తగులుతాయి. రాడే కావాలంటే, కింద కొక్కెం ఉన్న రింగులకూ తగిలించుకోవచ్చు.

చీకటి కావాల్సిన పడకగదికి నా మొదటి ఓటు దీనికే. కారణాలు చెప్తాను. కుచ్చు కుట్టులోనే ఉంది కాబట్టి కర్టెన్ పూర్తిగా మూసినా నిండుగానే ఉంటుంది, చదునుగా సాగిపోదు. హుక్కు ఏ ఎత్తులో పెడితే ఆ ఎత్తులో వేలాడుతుంది కాబట్టి పైఅంచుతో ట్రాక్‌నే కప్పేయవచ్చు. చివరి హుక్కును గోడకు కొట్టిన కొక్కేనికి తగిలిస్తే కర్టెన్ పక్కకు మలుపు తిరిగి గోడకు ఆనుతుంది. దీన్నే రిటర్న్ అంటారు. పక్కల నుంచి వచ్చే వెలుతురును ఆపేది ఈ రెండు మూడు అంగుళాల మలుపే. ట్రాక్ బ్రాకెట్లు పైనే ఉంటాయి కాబట్టి ఎంత పొడవైనా ఒకే పక్కకు జరపవచ్చు. రన్నర్లు నైలాన్‌వి అయితే శబ్దం కూడా పెద్దగా ఉండదు.

బట్ట ఎక్కువ పడుతుంది, కుట్టుకూలీ ఎక్కువే, ఉతికే ప్రతిసారీ హుక్కులు తీయాలి. నాసిరకం బక్రం వేస్తే రెండు ఉతుకుల్లో మెత్తబడి కుచ్చులు ముందుకు వాలిపోతాయి. అందుకే డబ్బు ఆదా చేయాలంటే బట్టలో చేయండి, బక్రంలో వద్దు.

*పెన్సిల్ ప్లీట్.* వెనక ఒక టేపు కుట్టి, అందులోని దారాలు లాగితే సన్నని కుచ్చిళ్ళు పడతాయి. పలుచటి పరదాలకూ మెత్తటి కాటన్‌కూ చక్కగా నప్పుతుంది. ఇల్లు మారినప్పుడు దారం వదులు చేసో బిగించో వెడల్పు మార్చుకోవచ్చు. ఉతికేటప్పుడు పూర్తిగా వదులు చేస్తే బట్ట చదును అవుతుంది, ఇస్త్రీ సులువు. మిగిలిన దారాన్ని మాత్రం కత్తిరించకండి, ముడివేసి వెనక దోపేయండి. దీనికి రావాల్సినంత పేరు మన దగ్గర రాలేదనిపిస్తుంది. తక్కువ ఖర్చులో ట్రాక్ కర్టెన్ కావాలంటే ఇదే దారి.

*రిపుల్.* ఇప్పుడు కొత్త ఫ్లాట్లలో బాగా అడుగుతున్నది ఇదే. ట్రాక్‌లోని రన్నర్లు ఒకదానికొకటి సమాన దూరంలో దారంతో కలిసి ఉంటాయి, అందువల్ల బట్ట పై నుంచి కింద దాకా ఒకే తీరు అలలుగా నిలబడుతుంది. తెరిచినప్పుడు తక్కువ చోటులో సర్దుకుంటుంది కాబట్టి పక్కన వార్డ్‌రోబ్ ఉన్న కిటికీకి బాగా పనికొస్తుంది. అల ముందుకూ వెనక్కూ కలిపి ఆరు అంగుళాల దాకా చోటు తీసుకుంటుంది. ఫాల్స్ సీలింగ్ పాకెట్‌లో దాగితేనే చీకటి బాగా ఇస్తుంది. పాకెట్ లేకుండా కిటికీ పైన విడిగా బిగిస్తే ఐలెట్‌లాగే పైన సందులు కనిపిస్తాయి. కుచ్చు ఎంత ఉండాలన్నది ట్రాక్ ఆర్డర్ చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది, తర్వాత మార్చలేరు.

మిగిలినవి క్లుప్తంగా. రాడ్ పాకెట్, అంటే బట్టలో గొట్టంలా కుట్టి రాడ్ దూర్చేది, సులువుగా జరగదు. కదపనవసరం లేని అద్దం తలుపుకు సరే, రోజూ తెరిచే పడకగది కిటికీకి వద్దు. బట్ట పట్టీలతో వేలాడే ట్యాబ్ టాప్ చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ పట్టీల మధ్య ఖాళీలు ఉంటాయి, లాగీ లాగీ కుట్టు ఊడుతుంది. గిన్నె ఆకారంలో ఉండే గాబ్లెట్ ప్లీట్ ఎత్తైన పెద్ద గదులకు తగినది. పైగా ఆ గిన్నెల్లో దుమ్ము చేరుతుంది. దుమ్ముతో తుమ్ములు వచ్చేవాళ్ళు పడుకునే గదిలో అది అక్కర్లేదు.

4. ఇప్పుడు బట్ట

హెడింగ్ తేలింది కాబట్టి బట్టను దానికి తగ్గట్టు చూడాలి. షాపులో బట్టను చేత్తో పట్టుకుని, ఎంచుకున్న హెడింగ్ ఎలా మడతపడుతుందో అలాగే మడిచి వేలాడదీసి చూడండి. టేబుల్ మీద పరిచి చూస్తే ఏమీ తెలియదు.

పెద్ద పెద్ద పువ్వుల డిజైన్ త్రీ ప్లీట్‌లో మడతల్లోకి పోతుంది, సగం పువ్వే కనిపిస్తుంది. అలాంటి డిజైన్ చూపించాలనుకుంటే ఐలెట్ గానీ రిపుల్ గానీ మేలు. ప్లీట్లకు సాదా రంగులు, చిన్న బుటాలు, నిలువు చారలు బాగుంటాయి.

పెడన కలంకారీ అద్దకం కాటన్ పడకగదికి ఎంతో హాయిగా ఉంటుంది. అయితే ఆ మెత్తటి బట్టకు బరువైన లోహపు రింగులు వేస్తే రింగు చుట్టూ బట్ట లాగినట్టవుతుంది. పెన్సిల్ ప్లీట్ వేసి, వెనక లైనింగ్ తప్పకుండా ఇవ్వండి. సహజ రంగులు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి. పోచంపల్లి ఇకత్ అయితే రెండు పన్నాలు (బట్ట పూర్తి వెడల్పున కత్తిరించిన ముక్కలు) కలిపి కుట్టే చోట డిజైన్ కలవాలని టైలర్‌కు ముందే చెప్పాలి. చేనేత కాటన్ ఏదైనా ఉతికితే కొంత కుదించుకుపోతుంది. కత్తిరించకముందే ఒకసారి నీళ్ళలో తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయించండి. లేకపోతే మొదటి ఉతుకు తర్వాత కర్టెన్ నేలకు రెండు మూడు అంగుళాలు పైకి లేచిపోతుంది.

పూత పూసిన బ్లాకౌట్ బట్టకే నేరుగా ప్లీట్లు కుట్టిస్తే, సూది దిగిన ప్రతిచోటా చిన్న రంధ్రం పడి పగటివేళ నక్షత్రాల్లా వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. పైగా బట్ట బిరుసుగా ఉండి మడతలు సరిగా పడవు. నచ్చిన బట్ట ముందు, బ్లాకౌట్ లైనింగ్ వెనక, ఇలా రెండు పొరలుగా వేయించడమే మంచిది.

5. మీటర్ల లెక్క

టైలర్లు బట్టను పన్నాల్లో లెక్కపెడతారు. కర్టెన్ బట్ట పన్నా ఎక్కువగా 48 అంగుళాలు ఉంటుంది. పలుచటి పరదా బట్టల్లో 280 సెంటీమీటర్ల పెద్ద పన్నా కూడా దొరుకుతుంది. చేనేతల్లో పన్నా మారుతుంది, అడిగి తెలుసుకోండి.

ఒక ఉదాహరణ. కిటికీ 5 అడుగులు, అంటే 60 అంగుళాలు. రెండు పక్కలా 8 అంగుళాల చొప్పున రాడ్ బయటికి రావాలి. మొత్తం 76 అంగుళాలు.

ఐలెట్‌కు బట్ట వెడల్పు రాడ్ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. 5 అడుగుల కిటికీకి చాలా షాపుల్లో రెండు పన్నాలు చాలంటారు. అది 96 అంగుళాలే, అంటే ఒకటింపావు రెట్లు. మూసినప్పుడు దుప్పటి ఆరేసినట్టు చదునుగా ఉంటుంది. మూడు పన్నాలు తీసుకుని, పరదాకు ఒకటిన్నర పన్నా చొప్పున కుట్టించండి. అప్పుడు 144 అంగుళాలు, రెండు రెట్లకు కాస్త తక్కువ. ఇదే సరైన కొలత.

త్రీ ప్లీట్‌కు 76 అంగుళాలకు తోడు, రెండు పక్కల రిటర్న్‌కు 6, మధ్యలో రెండు పరదాలు ఒకదానిమీదొకటి రావడానికి 3 కలపాలి. మొత్తం 85. కుచ్చులు పడ్డాక 48 అంగుళాల పన్నా సుమారు 22 అంగుళాలు అవుతుంది. కాబట్టి నాలుగు పన్నాలు. పెన్సిల్ ప్లీట్‌కూ రెండు నుంచి రెండున్నర రెట్లు, దాదాపు ఇదే లెక్క.

ఇక పొడవు. రాడ్‌ను కిటికీకి 8 అంగుళాలు పైన బిగిస్తే నేల నుంచి 92 అంగుళాలు. ఐలెట్‌కు రాడ్ పైన వచ్చే అంగుళంన్నర బట్ట కలిపి, కింద నేలకు అర అంగుళం ఖాళీ తీసేస్తే తయారైన పొడవు 93. పై మడతకు 4, కింద మడతకు 5, కత్తిరింపులకు 1 కలిపితే 103 అంగుళాలు. పన్నాకు 2.65 మీటర్లు అనుకోండి. ప్లీట్ల కర్టెన్ ఒక అంగుళం అటూ ఇటూ అంతే. ఐలెట్‌కు మూడు పన్నాలు, సుమారు 8 మీటర్లు. త్రీ ప్లీట్‌కు నాలుగు పన్నాలు, 10.6 మీటర్లు. అంటే ఒకే కిటికీకి రెండింటి మధ్య తేడా 2.6 మీటర్ల బట్ట. దానికి కుట్టుకూలి, ట్రాక్ ధర కలుపుకుని బడ్జెట్ చూసుకోండి.

డిజైన్ పెద్దదైతే లెక్క మారుతుంది. డిజైన్ ప్రతి 24 అంగుళాలకు తిరిగి వస్తుంటే, 103 బదులు 120 అంగుళాల చొప్పున కత్తిరించాలి. లేదంటే పన్నాల మధ్య పువ్వులు కలవవు.

పడకగది కర్టెన్ నేల దాకా ఉండటమే మేలు. కిటికీ గట్టు దాకా ఆపితే కింద నుంచి వెలుతురు వస్తుంది. మంచం తలవైపు కిటికీకి ఆనుకుని ఉంటే మాత్రం గట్టుకు 6 అంగుళాలు కింది దాకా చాలు.

6. రాడ్, ట్రాక్ బిగింపు

లింటెల్ కాంక్రీటులోకి మామూలు డ్రిల్ దిగదు, హామర్ డ్రిల్ ఉన్నవాళ్ళనే పిలవండి. 6 అడుగులు దాటిన రాడ్‌కు మధ్యలో బ్రాకెట్ తప్పదు. పొడవు పెంచుకునే టెలిస్కోపిక్ రాడ్ చవక, కానీ రెండు గొట్టాలు కలిసే మెట్టు దగ్గర రింగులు తట్టుకుంటాయి. ఒకే ముక్క రాడ్ తీసుకోండి.

ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకే స్క్రూలు కొడితే ట్రాక్ నిలవదు. లైనింగ్‌తో సహా కర్టెన్ బరువు, రోజూ లాగే ఊపు కలిసి కొన్నాళ్ళకు ఊడి కింద పడుతుంది. బోర్డు వెనక ప్లైవుడ్ పట్టీ ఉండాలి, లేదా స్క్రూ అసలు స్లాబ్ దాకా వెళ్ళాలి. ట్రాక్‌కు సుమారు రెండేసి అడుగులకు ఒక బ్రాకెట్ పెట్టించండి.

పిల్లలున్న గదిలో తాడు లాగి తెరిచే ట్రాక్ వద్దే వద్దు. వేలాడే తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. చేత్తో లాగేదో, కర్టెన్ అంచుకు తగిలించే చిన్న కర్రతో జరిపేదో పెట్టించుకోండి.

7. టైలర్‌కు కాగితం మీద రాసివ్వాల్సినవి

నోటితో చెప్తే మర్చిపోతారు. హెడింగ్ పేరు, పరదాల సంఖ్య, ఒక్కో పరదాకు ఎన్ని పన్నాలు, తయారైన పొడవు, బక్రం వెడల్పు 4 అంగుళాలు, కింద మడత 4 లేదా 5, లైనింగ్ అసలు బట్ట కన్నా అంగుళం పొట్టి అని రాయండి. పన్నాల అతుకు కుచ్చు వెనక దాగాలని చెప్పండి.

హుక్కుల ఎత్తు ప్రత్యేకంగా రాయాలి. ట్రాక్ సీలింగ్‌కు ఉంటే హుక్కు పైఅంచుకు దగ్గరగా ఉండాలి, లేకపోతే బట్ట సీలింగ్‌కు రాసుకుంటుంది. ట్రాక్ గోడకు ఉంటే హుక్కు రెండు అంగుళాలు కిందికి ఉండాలి, అప్పుడే బట్ట పైకి లేచి ట్రాక్‌ను కప్పుతుంది. కుదిరితే ముందు ట్రాక్ బిగించి, ఆ తర్వాతే పొడవు కొలిచి కుట్టించండి. నేల అన్నిచోట్లా ఒకే మట్టంలో ఉండదు కాబట్టి రెండు చివరలా మధ్యలో మూడుచోట్ల కొలవాలి.

8. తగిలించాక

కొత్త కర్టెన్ మొదటి రోజు ఉబ్బినట్టు కనిపిస్తే కంగారు పడకండి. కర్టెన్ పూర్తిగా తెరిచి, మడతలను చేత్తో పై నుంచి కింద దాకా సర్ది, మూడుచోట్ల బట్ట ముక్కతో వదులుగా కట్టి రెండు మూడు రోజులు అలా వదిలేయండి. బట్టకు మడత అలవాటవుతుంది. తర్వాత రాత్రి మూసి, తెల్లారాక మంచం మీద నుంచి మళ్ళీ చూడండి. పక్కల నుంచి వెలుతురు వస్తుంటే రిటర్న్ కొక్కెం సరిచేయాలి. మధ్యలో వస్తుంటే రెండు పరదాలూ ఒకదానిమీదొకటి వచ్చే చోట రన్నర్ మార్చాలి.

ఉతికేటప్పుడు రింగుల కర్టెన్ పైఅంచును దిండు గలీబులో దోపి కడితే మెషీన్ డ్రమ్ముకు రింగులు కొట్టుకోవు. బోరు నీళ్ళతో ఉతికే ఇళ్ళలో లోహపు రింగులు తడిగా ఉండిపోతే తెల్లటి మచ్చలు పడతాయి, తుడిచి ఆరబెట్టండి. ప్లీట్ల కర్టెన్‌ను పిండకండి, బక్రం నలుగుతుంది. నీడలో ఆరబెట్టి, ఇంకా కొద్దిగా చెమ్మ ఉండగానే తగిలిస్తే దాని బరువుకే ముడతలు సాగిపోతాయి. తీసిన హుక్కులు ఒక కవర్లో వేసి, ఏ గదివో ఎన్నో పైన రాసి పెట్టుకోండి. తిరిగి పెట్టేటప్పుడు ప్రతి ప్లీట్‌కు ఒకటి, రెండు చివర్లకు చెరొకటి పడాలి.